ఆదిలక్ష్మమ్మ చేపల మంద

నీలి నాలుక రోగంతో గొర్రెల మంద పోయినప్పటి నుంచి మా చెల్లెలు ఆదిలక్ష్మమ్మ మొగుడితో మాట్లాడటం మానేసింది. సంగటి ముద్ద పెడుతుంది, నీళ్లు పెడుతుంది, మాట మాత్రం పెట్టదు. పొద్దస్తమానం ఖాళీ దొడ్డి వైపు చూస్తూ కూర్చుంటుంది.

"ఏదన్నా సాక్కుంటే నోరు తెరుస్తాదేమో బావా. గొర్రెలైతే మళ్లా దాని వల్ల కాదు" అన్నాడు మా బావ బాలన్న. ఇద్దరం ప్రొద్దుటూరు పోయి చేపల తొట్టి తెచ్చాం.

అంగడి అన్సర్ గులకరాళ్లు పరచడం, గాలి మోటారు పెట్టడం నేర్పించాడు. "నీళ్లు పోసి వారం అట్లే ఉంచండి పెద్దాయనా. అప్పుడొచ్చి చేపల్ని తీస్కపోండి."

"నీళ్లు గూడా మామిడికాయల మాదిరి మాగాల్నా అప్పా?" అన్నాను.

"మాగాల. మేత మాత్రం చిటికెడే!"

చేపలు వచ్చిన రోజు చెల్లెలికి చెప్పాను: "ఇవేం చేపలు మే! మైలవరం డ్యాములో మన తాత పట్టిన దాని కడుపులో ఎద్దులబండి ఉండె. ఎద్దులు ఇంకా నెమరేస్తాండె!" ఆమె మూతి కొంచెం వంకర పోయింది. నవ్వే అనుకున్నాను.

నాలుగు రోజులకు ఆమె తొట్టితో మాట్లాడసాగింది. "రాండమ్మా, రాండి" అంటుంటే బాలన్న అరుగు మీద కదలకుండా కూర్చుని వినేవాడు.

తర్వాత చేపలు పైకి తేలి నోళ్లు తెరవసాగాయి. గొర్రె దగ్గరికొచ్చి నోరు తెరిస్తే ఆకలే. ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసింది అదే. గుప్పెడు తవుడు వేసింది. అవి ఇంకా నోళ్లు తెరిచాయి. ఇంకా వేసింది. నీళ్లు కుడితిలా అయ్యాయి. ఒక పొద్దున చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

బాలన్న పెరట్లోకి పోయి అన్సర్‌కు ఫోన్ చేశాడు. పక్కనున్న నాకూ వినబడింది. "అయ్యో, అవి నోరు తెరిసింది ఆకలికి కాదు పెద్దాయనా, గాలి సాలక. మేత కుళ్లి నీళ్లు సెడినాయి."

లోపలికి వస్తే చెల్లెలు నన్నే అడిగింది. "నేనేం తక్కువ సేస్తినన్నా ఈటికి?"

నేను నోరు తెరవకముందే బాలన్న అందుకున్నాడు. "నువ్వేం సేయలేదు మే. మోటారు సప్పుడుకు నిద్ర పట్టక నేనే ఆపేసినా." ఆ మోటారు ఒక్క రాత్రి కూడా ఆగలేదని నాకు తెలుసు.

ఆమె అతని వైపు తిరిగింది. మంద పోయాక మొగుడి మొహం చూడటం అదే మొదలు.

"గొర్రెలకు సూది ఏపిచ్చు, ఏపిచ్చు అని మొత్తుకుంటి. రేపు, రేపంటివి. సూడి గొర్రెలు నా ఒళ్లో తలకాయలు పెట్టి సచ్చె. ఇప్పుడు ఈటినీ సంపితివి. నీ సేతిలో బతికేదేమన్నా ఉందా?"

"లేదు మే" అన్నాడు బాలన్న.

తొట్టిలో చేయి పెట్టి చేపల్ని ఒక్కొక్కటే తీసి తువ్వాలలో వేశాడు. ఆమె ఆ తువ్వాల లాక్కుని పెరట్లోకి పోయింది. పూడ్చడానికి కూడా అతన్ని రానివ్వలేదు.