రాని ఫిట్సు

మాత్రను సంగటి ముద్దలో దాచిపెట్టడం చంద్రకాంతమ్మ ఎప్పుడో మానేసింది. ఇప్పుడు అరచేతిలో పెడితే మొగుడు మునస్వామే వేసుకుంటాడు. గులాబీరంగు మాత్ర, చింతగింజ కంటే పెద్దది. చెంబెత్తి గటగటా నీళ్లు తాగి, మింగినానని నాలుక బయటపెట్టి చూపించాడు. మొదట్లో ఆమే అట్లా చూపించమనేది. ఇప్పుడు అడక్కపోయినా చూపిస్తాడు. ఆ నాలుక చూసినప్పుడల్లా ఆమెకు సిగ్గుగా ఉంటుంది.

"ఎండ మండతా ఉండాది మామా. తలకు గుడ్డ సుట్టుకో."

"సుట్టుకుంటాలే." గడప దాటబోతూ ఆగాడు. "ఫ్యాక్టరీలో నన్ను గూడా లోపల పనికెయ్యమని సారును అడగరాదా? నాకు ఫిట్సు లేదు గదా."

"ఏమని అడగాల? ఫిట్సు కాదు, పిచ్చి అని చెప్పాల్నా?"

మునస్వామి గుడ్డ తలకు చుట్టుకుని బయటికి నడిచాడు. ఆ మాత్రలు మొదలయ్యాక అతనికి మాట తగ్గింది, ఒళ్లు వచ్చింది, చేతులు సన్నగా వణుకుతాయి.

అంతకుముందు మనిషి వేరు. ఒక ఏడు వేరుశెనగ విత్తే అదనులో ఉన్నట్టుండి అతనికి నిద్ర కరువైంది. ఉన్న రెండు పాడి ఆవులనూ సంతకు తోలుకుపోయి, ఎవరికో ఊరికే ఇచ్చేసి వచ్చాడు. నాలుగు వరసల రోడ్డు ఇంకా వెయ్యని రోజులవి. చిత్తూరు రోడ్డులో లారీలకు అడ్డంపోయి, ఈ రోడ్డు నేనే వేయించినానని డ్రైవర్లకు చెప్పేవాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు. ఆమెకు భయమంతా ఆ నవ్వుతోనే. ఆ పొంగు చల్లారాక గోడవైపు తిరిగి పడుకున్నవాడు కార్తీకం పోయేదాకా లేవలేదు.

తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచే చెప్పింది. "ఇది ఫిట్సుకిచ్చే మందేనమ్మా. మనసు పొంగి, మళ్లీ కుంగిపోయే జబ్బుకు కూడా పనిచేస్తుంది. మీ ఆయనకు ఫిట్సు లేదు. మాత్ర మాత్రం ఆపొద్దు."

చంద్రకాంతమ్మకు అంతా అర్థమైంది. కానీ బంగారుపాళ్యంలో మందులంగడాయన చీటీ చూసి, "ఇది ఫిట్సు మాత్ర గదమ్మా, మీ ఆయనకు ఫిట్సా?" అని అడిగినప్పుడు వాళ్ల వీధి సుబ్బులమ్మ పక్కనే ఉంది. చంద్రకాంతమ్మ నోటి నుంచి "ఆ, ఫిట్సే" అని వచ్చేసింది.

ఆ మాటతో బతుకు కుదుటపడింది. పిచ్చోడని తలుపులు వేసుకున్నవాళ్లే, అయ్యో ఫిట్సంట పాపం అన్నారు. మళ్లీ పేరంటాలకు పిలిచారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మొగుడికీ పెళ్లానికీ పని దొరికింది. సూపర్‌వైజరు సుందరరాజు మాత్రం, "ఫిట్సోణ్ణి మిషన్ కాడ నిలబెడితే, రేపు చెయ్యి పోతే ఎవురు జవాబు చెప్పాల?" అని మునస్వామిని బయట లారీల నుంచి కాయలు దించే పనికి పంపాడు. చంద్రకాంతమ్మ లోపల ఫ్యాన్ల కింద, బెల్టు మీద పోయే కాయల్లో కుళ్లినవి ఏరేస్తుంది.

రోహిణి కార్తె ఎండ. ఆరోజు రేకుల కిందే కూర్చోలేకపోతున్నారు. చేతులకు తోతాపురి కాయల జీడి సొన కారి చురచురమంటోంది.

"ఏమ్మే, నిన్న మీ మామ నన్ను సూసి నవ్వినాడు. మాత్ర మర్సిపోయినావా ఏంది?" అంది సుబ్బులమ్మ.

"నీ మొగం సూస్తే ఎవురికైనా నవ్వొస్తాదిలే అక్కా."

బెల్టు వెంబడి ఆడవాళ్లందరూ నవ్వారు. చంద్రకాంతమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే వాకిట్లోంచి ఎవరో కేకేశారు. "చంద్రమ్మా! మీ ఆయనకు ఫిట్సొచ్చిందే!"

ఫిట్సు ఎందుకొస్తుంది? చేతిలో కాయ వదిలేసి పరిగెత్తింది.

లారీ పక్కన ఎండలో మునస్వామి వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ. లారీ కాడ పనిచేసే ధనంజయ తన ఇంటి తాళాల గుత్తి మునస్వామి చేతిలో పెట్టి, గుప్పిట మూసి, రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఫిట్సు వస్తే ఇనుము పట్టించడం అక్కడ అందరికీ తెలిసిన వైద్యమే. ఇంకొకాయన ఉల్లిగడ్డ చిదిమి ముక్కు దగ్గర పెడుతున్నాడు. చుట్టూ మూగినవాళ్లు మూగినట్టే ఉన్నారు. తొందర ఎవరికీ లేదు.

చంద్రకాంతమ్మ నుదురు ముట్టుకుంది. పొయ్యి మీద పెనంలా కాలుతోంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

"ఎండ దెబ్బ సారూ! జీపు తియ్యమనండి."

"ఫిట్సు నీకేమన్నా కొత్తా?" అన్నాడు సుందరరాజు. "ఇనుము పెట్టినాం గదమ్మా. ఉండు, ఇప్పుడే లేస్తాడు."

"ఈయప్పకు ఎప్పుడూ ఫిట్సు రాలేదు సారూ!"

"నువ్వే గదా చెప్పింది?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. వెనకనే సుబ్బులమ్మ వచ్చి నిలబడింది. మునస్వామి మడమలు నేలను తన్నుతూనే ఉన్నాయి.

"పిచ్చి సారూ. మా మామకు పిచ్చి. ఆ మాత్ర దానికి. నేనే అబద్దం చెప్పినా. మీ కాళ్లు పట్టుకుంటా, జీపు తియ్యండి."

అప్పటిదాకా మీద మీద పడి నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ధనంజయ చేతులు వదిలేసి లేచి, పంచెకు తుడుచుకున్నాడు. బిందె తెచ్చి మొగుడి తల మీద నీళ్లు కుమ్మరించింది చంద్రకాంతమ్మే. చివరికి సుందరరాజు డ్రైవరును కేకేశాడు. మునస్వామిని ఎత్తడానికి చాలాసేపు ఎవరూ ముందుకు రాలేదు.

చిత్తూరు ఆసుపత్రి ఇంకా రాకముందే, జీపులో ఆమె ఒడిలో, కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది. తగ్గిందనుకుంది. కొంచెం దూరం పోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

శవానికి నీళ్లు పోసేటప్పుడు బిగుసుకున్న వేళ్లు విప్పి తాళాల గుత్తి తీశారు. చావుకు వీధిలో నుంచి వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లూ వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయారు.

తాళాలు తీసుకుపొమ్మని ధనంజయకు కబురుపెట్టింది. రాలేదు. ఇంటి తాళం పగలగొట్టుకుని కొత్తది వేసుకున్నాడని తెలిసింది.

గుత్తి కిటికీ గూట్లో పడి ఉంది. ఒక తాళంచెవి తలుపుది, ఒకటి బీరువాది, గాడిలో నీళ్లు నిలిచి అప్పుడే తుప్పు పడుతున్న చిన్నది ఒకటి, దేనిదో.