కామెర్లు మెదడుకెక్కకుండా

నా కోడలు సుగుణకు ఏడో నెల. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదంటే వేవిళ్లు మళ్లీ మొదలయ్యాయేమో అనుకున్నాం. ఆ పొద్దున చూస్తే కళ్లు పచ్చబడి ఉన్నాయి. కామెర్లే అని కేకేశాను.

మా ఆయన పాండురంగం మగ్గం మీద నుంచి లేవనైనా లేవలేదు. పోయిన నెల మా కొడుకు సారంగపాణికీ కామెర్లే వచ్చాయి. కేసముద్రం దగ్గర పసరు పోయించుకొస్తే తగ్గాయి. ఆ ధీమా ఆయనది.

"గదే పసరు పోపిద్దాం. ఉప్పు, నూనె బంద్ జేస్తె దిగుతయ్."

"వాడు మొగోడు. ఇది కడుపుతోనున్న పిల్ల. నీకు జంపఖానలు నేసుడు తప్ప ఏం తెల్వది, ఊకో," అన్నాను. నాకు కోపమొస్తే ముందూ వెనకా చూడను. రిక్షాలో దాన్ని దవాఖానకు తీసుకెళ్లాను. ఆయన సణుగుతూ సైకిల్ మీద వెనకే వచ్చాడు.

అక్కడ రక్తం తీశారు. సూదులతో, రక్తంతో అంటుకునే కామెర్లు కూడా ఉంటాయట, దానికీ పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మా ఇద్దరినీ వరండాలోకి పిలిచింది.

"సూదులతోని వచ్చే రకం కాదమ్మా. ఇది మురికి కలిసిన నీళ్లతోని వచ్చేది. మామూలోళ్లకు దానంతటదే తగ్గుతది. మీ కొడుక్కు తగ్గింది అట్లనే, పసరుతోని కాదు. కడుపుతోనున్నోళ్లకే ప్రాణం మీదికొస్తది."

"మంచి మందు రాయమ్మా," అన్నాను.

"దీనికని మందు లేదు. గ్లూకోజ్ పెట్టి కనిపెట్టుకుంటం. నువ్వు ఆమెను మాట్లాడిస్తుండు. మాట తికమక అయినా, మగతగా పడున్నా వెంటనే పిలువు. కామెర్లు మెదడుకెక్కినట్టు లెక్క." తర్వాత ఆయన వైపు తిరిగింది. "తాగే నీళ్లు ఎక్కడియి?"

"నల్లా నీళ్లేనమ్మా. సన్నగ వస్తుండె. కోడలు బిందెలు మోసుకుంట దూరం పోవద్దని గుంట తవ్వి పైపు కిందికి దించిన. ఇప్పుడు ధార మంచిగొస్తాంది."

"మోరీ పక్కనా?"

అవును, మురికినీళ్లు పారే మోరీ పక్కనే. వాన పడితే మోరీ నీళ్లు ఆ గుంటలోకే దిగుతాయి. నల్లా ఆగినప్పుడు పైపు అవే లోపలికి పీల్చుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. మా గల్లీ అంతా ఆయన్ను మెచ్చుకుని అక్కడే పట్టుకుంటోంది. పక్కింటి రాజేశ్వరి కూడా కడుపుతో ఉంది. ఆయన చెప్పులైనా వేసుకోకుండా సైకిలెక్కాడు.

నేను సుగుణ దగ్గర కూర్చున్నాను. మగ్గం మీది పడుగుకు ఏ రంగు నూలు పెట్టావే అంటే ఎరుపు అంది. అంచుకు అంటే చాలాసేపు ఆలోచించింది. మీ అమ్మ పేరేందంటే కళ్లు మూసుకుంది. జవాబు ఆలస్యమైనప్పుడల్లా నర్సు కోసం పరుగెత్తాను. ఆమె విసుక్కుంది. విసుక్కుంటే నాకేం, నా పిల్ల నాకు కావాలి.

పొద్దుగూకే వేళకు ఆయన మోకాళ్ల దాకా మట్టితో వచ్చాడు. గుంట పూడ్చి, ఇంటింటికీ తిరిగి నీళ్లు మరగబెట్టుకోమని చెప్పి వచ్చాడట. మంచం పక్కన వంగి, దాని ముఖంలోకి చూశాడు.

"బిడ్డా, నేనెవర్ని?"

సుగుణ కళ్లు తెరిచింది.

"మామవు," అంది. మాట తడబడలేదు. "నాకోసం నల్లా గుంట తవ్వినవు గద."