పలక పట్టుకున్న మనిషి

నూకమ్మ భర్త పోయి పదకొండు నెలలయింది. వచ్చే నెల ఏడాది కర్మ. పటం పెట్టి దండ వేద్దామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పనికి వలసొచ్చి ఈ హిందీ ఊళ్లో, భుయ్యాడీహ్ బస్తీలో ఇరవై ఏళ్లు కాపురం చేసినా స్టూడియో గడప తొక్కే తీరిక ఇద్దరికీ దొరకలేదు.

తను పనిచేసే కార్ఖానా గురించి వీడియో సినిమా తీసిన రోజున అతను చేతులకు సుద్ద అంటించుకుని ఇంటికి వచ్చి, తనని కూడా తీశారని చెప్పాడు. ఆ సినిమా తర్వాత అందరికీ చూపించారు. అందులో అతను లేడు.

అయినా నూకమ్మ కూతురు రత్నాన్ని వెంటబెట్టుకుని కాసిడీహ్‌లో ఆ సినిమా తీసినవాళ్ల వీడియో ఆఫీసుకు వెళ్లింది. అక్కడ పనిచేసే బలరామ్ సోంపేట వైపు కుర్రవాడు. ప్రతి షాటుకు ముందు నల్ల పలక మీద టేపు నంబరు, తేదీ, చోటు, టైము రాసి కెమెరాకు చూపించడం, అవన్నీ లాగ్‌బుక్కులో ఎక్కించడం అతని పని.

"పేరేటి పిన్నీ?"

"మా రత్నం నాన్న."

"రత్నం నాన్నని ఎక్కడా రాయనేదు."

రత్నం నవ్వు ఆపుకుంది. "అసిరయ్య, భయ్యా. అమ్మ నాన్న పేరు పలకదు."

బలరామ్ పేజీలన్నీ తిప్పాడు. ఇంజనీర్ల పేర్లు, క్రేన్ డ్రైవర్ల పేర్లు ఉన్నాయి. అసిరయ్య లేడు.

"ఛోడో అమ్మా, పోదాం," అంది రత్నం.

నూకమ్మ లేవలేదు. "పేరు నేకపోతే పోనీ. చోటు రాత్తావు కదా? ఇసక యార్డు. నాగులచవితి మర్నాడు. పుట్టలో పాలు పోసిన గిన్నె ఇంకా తోమనేదు, అప్పుడొచ్చి సెప్పినాడు."

బలరామ్ వేలు లాగ్‌బుక్కులో ఒకచోట ఆగింది. ఎనభై మూడు, నవంబరు తొమ్మిది. ఇసుక యార్డు, టేపు పదిహేడు, తొమ్మిది షాట్లు. అతను గబగబా లోపలికి వెళ్లాడు. చెరిపి మళ్లీ వాడడానికి పక్కన పెట్టిన టేపుల దొంతరలో అడుగు నుంచి రెండోది అది.

తెర మినుకుమంది. నల్ల పలక, దాని మీద తెల్ల అక్షరాలు, రెండు పక్కలా బొటనవేళ్లు. పలక కిందికి దిగింది. వెనకాల తలకు తువ్వాలు చుట్టుకుని, కనుబొమల్లో ఇసుకతో అసిరయ్య నిలబడి ఉన్నాడు. ఎటు పోవాలో తెలియక సూటిగా ఇటే చూశాడు. ఎవరో కసిరినట్టున్నారు, పక్కకు తప్పుకున్నాడు.



"ఆవేళ మైకు నా సేతిలో ఉండింది," అన్నాడు బలరామ్. "దగ్గరున్న మనిసికి పలక ఇచ్చినాను. సినిమాలో పలక ముక్క కోసేత్తాం పిన్నీ. అందుకే మీకు కనపడనేదు."

రెండోసారి వచ్చాడు. మూడోసారి వచ్చాడు. నాలుగోసారికి తువ్వాలు సరిచేసుకున్నాడు.

"దేఖో, మీసం దువ్వుకున్నాడు," అంది రత్నం ఏడోసారి.

నూకమ్మ తెర దగ్గరకు వెళ్లి నిలబడింది. చనిపోయిన మనిషి పిలిచినప్పుడల్లా వచ్చి, ఎదురుగా నిలబడి, రెప్ప వేసి వెళుతున్నాడు. ముట్టుకుందామని చెయ్యి ఎత్తి, అద్దానికి బెత్తెడు దూరంలో ఆపేసింది.

బలరామ్ ఏడో షాటు దగ్గర బొమ్మను ఆపాడు. దాన్నే ఫోటో తీయించి ఇస్తానన్నాడు.

"పలక మీద ఏటి రాసుంది బాబూ?"

"టేపు పదిహేడు, ఇసుక యార్డు, పదకొండు ఇరవై."

"ఆయన పేరు?"

"పలక పట్టుకున్నోల పేరు రాయం పిన్నీ."

నూకమ్మ లాగ్‌బుక్కు వైపు కాసేపు చూసింది. కొంగు భుజం నిండా కప్పుకుంది.

"రాయి. అసిరయ్య."

ఆ పేరు తల్లి నోట రత్నం ఎన్నడూ వినలేదు. బలరామ్ కలం తీసి ఇసుక యార్డు వరస పక్కన మిగిలిన సందులో చిన్నగా రాశాడు.

"ఒక్కపాలి రాత్తే ఏటి?" అంది నూకమ్మ. "తొమ్మిదిసార్లు పట్టుకున్నాడు కదా."