అటక మీద బాలింతలు

“మే కవితా, నిచ్చెన ఏయించినా. నువ్వే ఎక్కాల,” అంది మా అత్త సంజీవమ్మ, చేటలో కందిపప్పు చెరుగుతూ, నావైపు చూడకుండా.

ఆదివారం. వారమంతా పులివెందుల కాలేజీలో ఉద్యోగానికి బస్సులో నలిగి, ఆ ఒక్కరోజన్నా తలంటుకుందామని నూనె రాసుకుని కూర్చున్నాను. ఎక్కడికి ఎక్కాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. సింహాద్రిపురంలో మాకు ముందువైపు కొత్త ఇల్లు, వెనకవైపు పాత మిద్దె ఉన్నాయి. ఆ మిద్దెలో వెనకగది మీద చెక్కల అటక ఉంది. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచికి మూత పగిలిపోయి చాలా కాలమైంది. బాగు చేయించమని నేను చెప్పినప్పుడల్లా మా ఆయన శ్రీనివాసులు “చూద్దాంలే” అన్నాడు. ఆయన చూసేలోపు గబ్బిలాలు వచ్చి కాపురం పెట్టాయి. కంపు వంటింటిదాకా పాకింది. చుట్టాలొస్తే అగరొత్తులు వెలిగించేది నేను, “ఏందమ్మా ఈ వాసన?” అంటే తల దించుకునేది నేను. “ఇల్లాలు శుభ్రంగా ఉంటే గబ్బిలాలు యాడ చేర్తాయి?” అని మా పెద్దమామ నారాయణ పదిమందిలో అన్నాడు. మిద్దె ఆయనది, గవాచి మా ఆయనది, గబ్బిలాలు మాత్రం నావి.

ఇంతకీ ఆ అటకకు అంత తొందరేమిటంటే, దేవర జాతర దగ్గరపడింది. మా అత్తవాళ్లది గొర్రెలు కాచిన వంశం. ఇప్పుడు అందరికీ చీనీ, అంటే బత్తాయి, తోటలున్నాయి, మందలు తగ్గిపోయాయి, దేవర మాత్రం పోలేదు. కొన్నేళ్లకొకసారి అటక మీది దేవరపెట్టెను దించి, ఊరంతా తిప్పి, పొట్టేళ్లు కోసి, మళ్లీ పైకెక్కిస్తారు. మగవాళ్లే ఎక్కాలి, మగవాళ్లే దించాలి. పెట్టె దిగేంతసేపు ఇంటి ఆడవాళ్లంతా బయట గోడవైపు తిరిగి నిలబడాలి. ఆడమనిషి కాలు ఆ నిచ్చెన మీద పడితే వంశానికి అరిష్టమట.

మరి అటక మీది గబ్బిలాల పెంటికలు ఎవరు ఎత్తాలి? మా ఆయన ఒకసారి ఎక్కాడు. చెవి పక్కనుంచి ఒకటి రివ్వున ఎగిరేసరికి చెమటలు పట్టి దిగివచ్చి, తనకు ఎలర్జీ అన్నాడు. పెద్దమామ నిష్ఠలో ఉన్నాడు, పెట్టె మోసే చేతులు ముట్టరానివి ముట్టకూడదు. కూలీలను పిలుద్దామంటే, బయటివాళ్ల కంట పెట్టె పడకూడదు. చివరికి పెద్దమామే తేల్చాడు, “కోడలు ఇంటి మనిషే గదా” అని. తోట భాగాల మాట వచ్చిన రోజు “బయటి నుంచి వచ్చినదానివి, నీకెందుకమ్మా” అన్నది కూడా ఆయనే.

“ఆడోళ్లు ఎక్కకూడదు గదత్తా?” అన్నాను.

“ఎవురికి తెలుస్తాది? పనైనాక తలకు పోసుకో. నేను ఆడ పంచితం చల్లుతా, సరిపాయ.”

సరిపోయిందట! పెళ్లైన కొత్తల్లో ఊరగాయ జాడీ కోసం నేను అదే నిచ్చెన మూడు మెట్లు ఎక్కాను. మూడే. అత్త కేక పెట్టింది. మా ఆయన నన్ను చెయ్యి పట్టి లాగాడు. కట్టుబట్టలతో బావి దగ్గర నిలబెట్టి నామీద నీళ్లు కుమ్మరించారు, ఇల్లంతా ఆవు పంచితం చల్లారు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఆ నెలలోనే మోటారు కాలిపోతే బోరింగు నుంచి బిందెలు మోసింది నేను, దొడ్డి కసువు ఊడ్చింది నేను, గొర్రెలకు మేత మోపులు తెచ్చింది నేను. కడుపు పోయింది. నేను ప్రొద్దుటూరు ఆస్పత్రిలో మంచం మీద ఉండగా అత్త వచ్చి, నా తల నిమురుతూనే, “నిచ్చెన ఎక్కితివి గదమ్మా” అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. జాలిగా అన్నది కాబట్టి నమ్మేశాను. తర్వాత పాప పుట్టింది, పెరిగింది, ఇప్పుడు అదే ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. అయినా ఆ నిచ్చెన గోడకు ఆనించి కనిపించినప్పుడల్లా నా కాళ్ల వంక నేనే చూసుకుని, ఇవే కదా ఆ బిడ్డను తీసింది అనుకునేదాన్ని. ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు అదే నోరు అదే నిచ్చెనను ఎక్కమంటోంది, ఎవరికీ తెలియదులే అంటోంది. నాకు వచ్చిన కోపానికి ఆ చేటా పప్పూ వాకిట్లోకి విసిరేయాలనిపించింది. విసరలేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పొరకా గంపా తీసుకుని మిద్దెలోకి నడిచాను.

“కాస్త పట్టుకోప్పా, ఊగుతాండాది,” అన్నాను మా ఆయనతో. పట్టుకున్నాడు. నేను సగం ఎక్కానో లేదో ఫోను మోగింది. చీనీకాయల వ్యాపారి. “ఆఁ చెప్పన్నా” అంటూ నిచ్చెన వదిలి బయటికి పోయాడు. ఊగే నిచ్చెన మీద మిగతా సగం నేనే ఎక్కాను.

పైన కంటికి చీకటి అలవాటయ్యాక చూస్తే దూలం పొడుగునా గబ్బిలాలు. నేను చిన్నగా కదిలినా వాటిలో వణుకు పుడుతోంది కానీ ఎగిరిపోవడం లేదు. ఎందుకు పోవడం లేదా అని దగ్గరికి జరిగాను. ఒక్కోదాని రొమ్ముకు ఒక్కో పిల్ల. బొటనవేలంత ఉన్నాయి, ఇంకా వెంట్రుకలు రాలేదు. తల్లులు రెక్కలు కప్పి వాటిని దాచుకుంటున్నాయి. అంతా బాలింతలే. ఆ దూలం కింద పెంటికల మధ్య కూలబడి ఏడ్చాను. గబ్బిలాలను చూసి ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను.

“ఏమే, ఎన్ని ఉండాయి?” ఫోను అయిపోయినట్టుంది, కిందనుంచి మా ఆయన. “మిరపకాయల పొగ పెడదాం. గంటలో ఖాళీ.”

“పిల్లలుండాయి. ఇంగా ఎగరలేవు.”

“దేవర పెట్టుకోని గబ్బిలాలకు పురుళ్లు పోస్తాండావా?” అని నవ్వాడు.

“పోస్తాండా. నువ్వు గన పొగ పెట్టినావంటే ఆ పొగలో నేను గూడ ఈడనే కూసుంటా. తర్వాత నీ ఇష్టం.”

నా గొంతులో ఏం వినిపించిందో, మళ్లీ పొగ మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఎక్కాను. దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించి, పెంటికలు గంపకెత్తి కరివేపాకు చెట్టుకు వేశాను. ఒకప్పుడు గొర్రెల పెంటికల కోసం రైతులు బతిమాలి చేలల్లో మంద కట్టించుకున్న వంశం మాది, ఆ మాట ఈ ఇంట్లో నాకొక్కదానికే గుర్తున్నట్టుంది. పిల్లలు తల్లులంత అయ్యాయి. ఒక సాయంత్రం అన్నీ కలిసి గవాచిలోంచి మేతకు పోతుంటే మిద్దె మీద నిలబడి చూశాను. టార్చి వేసి లోపల ఒక్కటీ మిగల్లేదని చూసుకుని, గవాచికి ఇనుప జాలీ నేనే బిగించాను. అంతే పని. ఎప్పుడో మూత వేయించి ఉంటే అదీ ఉండేది కాదు.

తర్వాతి ఆదివారం పెట్టె వంతు. మీద కప్పిన గొంగడి కుళ్లిపోయింది. పెట్టె కడిగి ఊరుకోవచ్చు. కానీ నన్ను ఇంత భయపెట్టింది ఏమిటో చూడకుండా ఎలా దిగను? మూత తెరిచాను. కత్తి ఉంటుందనుకున్నాను, లేదు. ఒక కవ్వం, అరిగి సన్నబడిన వెండి కడియాల జత, నల్ల ఉన్నితో పేనిన, పసిబిడ్డకు కట్టే చిన్న మొలతాడు. ఏ కాలంనాటి ఆడమనిషో, ఎవరి తల్లో. ఆమెను మేం ముట్టకూడదట! కడియాలు పమిటతో తుడిచి, ఎలా ఉన్నవి అలాగే పెట్టాను.

కిందికి దిగేసరికి పంచితం చెంబుతో అత్త నిలబడి ఉంది. నామీద చల్లబోయి ఆగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “లోపల ఏముండాయి మే?” అంది. కోడలిగా వచ్చి ముసలిదైపోయింది, ఒక్కసారి చూడలేదు పాపం. చెప్పేదాన్నే. ఆస్పత్రి మంచం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. “దేవర పొద్దు చూద్దువులే అత్తా,” అని ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని చెట్టు మొదట్లో పోశాను.

దేవర వచ్చింది. పెద్దమామ తడిబట్టలతో, ఒంటినిండా పసుపుతో మిద్దెలోకి వచ్చాడు. “ఆడోళ్లంతా బయటికి పోండమ్మా.” ఆడవాళ్లు కదిలారు. నేను పనిచేసే కాలేజీకి తనిఖీ వాళ్లొస్తే కుర్చీలు, పూలు, టీలు, ఫైళ్లు అన్నీ నాచేత సర్దించుకుని, చివర్లో “ఫోటో తీస్తాండారు, కొంచెం పక్కకు మేడం” అంటారు. అక్కడ జరుగుతాను, ఉద్యోగం కాబట్టి. ఇక్కడ ఎందుకు జరగాలి? నిలబడ్డాను.

“మే, పరువు తీయొద్దు, పో,” అన్నాడు మా ఆయన పళ్ల మధ్యనుంచి.

“పెద్దమామా,” అన్నాను. “ఆ పెట్టె కడిగింది నేను. తెరిచింది నేను. లోపలుండే కడియాలు తుడిచింది నేను.”

ఆయన ముఖం నల్లబడింది. “కడగమంటే తెరుస్తివా? ఎంత మైల చేస్తివమ్మా! వంశం నాశనమైపోతాది!”

“ఎప్పుడు మామా? నేనెక్కి శానా దినాలాయ. చీనీ కాపు నిలబడింది. హాస్టల్లో పాప బాగుండాది. మీరు గుండ్రాయి మాదిరి ఉండారు. మూడు మెట్లెక్కినందుకే నా కడుపు పోయిందని ఇన్నాళ్లూ అంటిరి. ఇప్పుడు పైదాకా ఎక్కినా, ఏమీ కాలే. నా బిడ్డను తీసింది నా కాళ్లు కాదు మామా. ఆ నెలలో నాతో బోరింగు నీళ్లు మోపిచ్చింది ఎవురో, మీరే గ్యాపకం చేసుకోండి.”

  గోడవైపు తిరిగి నిలబడిన ఆడవాళ్లలోంచి అత్త ఒక్కతే వెనక్కి వచ్చింది. బావ ఎదుట ఏనాడూ తలెత్తని మనిషి గడప మీద నిలబడి, నా కళ్లలోకి చూడలేక నిచ్చెన వంక చూస్తూ అడిగింది.

“కడియాలా? ఆడమనిషి కడియాలేనా?”

“ఆడమనిషి కడియాలే అత్తా. ఎవురో బిడ్డతల్లివి.”

“సంజీవమ్మా!” పెద్దమామ అరిచాడు. ఆమె వినలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది.

“చూస్తా మే. ఒక తూరి చూస్తా.”

నేను మా ఆయన వైపు తిరిగాను. “నిచ్చెన గట్టిగా పట్టుకోప్పా. ఈ తూరి ఫోను ఎత్తొద్దు,” అని, పైనుంచి అత్తకు చెయ్యి అందించాలని ముందుగా నేనే ఎక్కాను.