మైలపల్లి సింహాద్రి, తండ్రి అప్పన్న

పోర్టులో కళాసీగా పనిచేసే మైలపల్లి సింహాద్రికి రేకుల ఇల్లు తీసేసి స్లాబు వేసుకోవాలని కోరిక. 2007 వేసవిలో బ్యాంకులో లోను అడిగాడు. పర్మనెంటు ఉద్యోగం, ఎవరికీ రూపాయి బాకీ లేని మనిషి. లోను వచ్చేసినట్టేనని పేటంతా చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి బ్యాంకు గుమాస్తా కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. మీ పేరు మీద మోటారు సైకిలు అప్పుంది, ఇరవై ఎనిమిది వేలు ఎగ్గొట్టారు, కంప్యూటర్లో పడింది అన్నాడు.

సింహాద్రికి సైకిలు తొక్కడమే రాదు.

ఆ అప్పు ఏ ఊళ్లో తీసుకున్నారు, ఏ అడ్రసు ఇచ్చారు అని బుద్ధున్నవాడెవడైనా అడుగుతాడు. ఇతను అడగలేదు. తల కొట్టేసినట్టయి బయటికొచ్చాడు, ఇల్లు చేరేలోపే దొంగని తేల్చేశాడు. గ్యాసు కనెక్షన్ పని చూసిపెట్టమని నిరుడు తన రేషన్ కార్డు జెరాక్సు, రెండు ఫొటోలు ఒక్కడికే ఇచ్చాడు. వాడు గంగరాజు, భార్య దేవికి తమ్ముడు. సొంత పడవ, ఇంజను పెట్టుకుని సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు.

పంచాయితీకి పేట పెద్దలు రామాలయం అరుగు మీద కూర్చున్నారు. గంగరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ అప్పు నాను సెయ్యలేదు బావా. ఆ బండి ఏ ఊర్లో తిరుగుతందో ఓసారి కాయితం తీయించి సూడు."

"సూసేదేటి? నా కాయితాలు నీకు తప్ప ఇంకెవుడికిచ్చాన్రా?" అన్నాడు సింహాద్రి.

పెద్దలు గంగరాజుని సింహాచలం తీసుకెళ్లారు. కొండ తొలి మెట్టు దగ్గర తడిబట్టలతో కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. అయినా బావ మనసు కరగలేదు. దేవుడి ముందు చేసిన ప్రమాణాన్ని నమ్మని మనిషి, కంప్యూటర్లో పడిందన్న మాటని మాత్రం గుడ్డిగా నమ్మాడు.

దేవి నలిగిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. అక్క ముఖం చూడలేక గంగరాజు పడవ, ఇంజను అమ్మేసి, ద్వారకా నగర్‌లో ఆ బండికి అప్పిచ్చిన ఫైనాన్సు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లి డబ్బు కట్టేశాడు. రసీదు తెచ్చి బావ గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు. తప్పు చెయ్యకపోతే ఎందుకు కడతాడని పేటంతా అనుకుంది. సింహాద్రి జెరాక్సు బ్యాంకుకిచ్చి, అసలుది ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టాడు. చదవలేదు.

స్లాబు పడింది. గృహప్రవేశానికి గంగరాజుకి పిలుపు లేదు. పడవ లేని మనిషి పరాయి బోటు మీద కూలికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లాడు. తమ్ముణ్ని రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్తే మళ్లీ గుమ్మం తొక్కనివ్వనని సింహాద్రి దేవితో అన్నాడు. దేవి వెళ్లలేదు. రెండో ఏడు వేటలో గంగరాజు బోటు మీంచి జారి సముద్రంలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు.

2009లో సింహాద్రి మేడ మీద గది కోసం మళ్లీ బ్యాంకుకెళ్లాడు. మళ్లీ అదే మాట. ఈసారి అతని పేరు మీద పడవ ఇంజను అప్పు, అరవై వేలు. నిందించడానికి ఈసారి గంగరాజు లేడు. అక్కడ కొత్తగా వచ్చిన ఆఫీసరు సూర్యకళ, మీ అప్పుల రిపోర్టు ఎప్పుడైనా తెప్పించుకున్నారా అని అడిగింది. అలాంటిదొకటి ఉందని కూడా అతనికి తెలియదు. అందరి అప్పుల లెక్కలూ ఉంచే బొంబాయి ఆఫీసుకి ఫారం, డీడీ పంపితే ఇంటికే వస్తుంది, ఎవరైనా ఏడాదికోసారి చూసుకోవాలి అని చెప్పి తనే ఫారం నింపింది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. సింహాద్రి బ్యాంకుకి తీసుకెళ్తే సూర్యకళ చదివి తలెత్తింది.

"రెండు అప్పులూ పూడిమడక అడ్రసు మీదున్నాయి. మీరక్కడ ఎప్పుడైనా ఉన్నారా?"

అచ్యుతాపురం అవతల ఉన్న ఆ ఊరు సింహాద్రి చూడనైనా లేదు. కానీ అక్కడా సగం ఇళ్లు మైలపల్లివారివే. సింహాచలం అప్పన్నకి మొక్కుకుని కొడుక్కి సింహాద్రి అనో అప్పన్న అనో పేరు పెట్టుకోని ఇల్లు ఈ తీరంలో తక్కువ. పూడిమడకలోనూ ఒక మైలపల్లి సింహాద్రి ఉన్నాడు, అతని తండ్రి పేరూ అప్పన్నే. ఇక పుట్టినరోజంటారా, బడిలో చేరిన ప్రతి పిల్లాడికీ మాస్టార్లు జూలై ఒకటే రాసేశారు. అలా ఇద్దరు సింహాద్రులు ఎక్కడో కంప్యూటర్లో ఒక్కడైపోయారు.

సింహాద్రి ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచాడు. కూడబలుక్కుని చదివితే రసీదులో మూడో లైను ఇంగ్లీషులో పూడిమడక అనే ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది.

సూర్యకళ చెప్పినట్టు, ఈ అప్పులు నావి కావని రాసి సంతకం పెట్టి బొంబాయికి పంపాడు. నలభై రోజులకు జవాబొచ్చింది. పొరపాటు సరిదిద్దామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది. సింహాద్రి దాన్ని దేవికి చదివి వినిపించాడు. ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు.

"ఇందులో మా తమ్ముడి పేరు ఎక్కడుంది?" అని అడిగింది.

సింహాద్రి కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఎక్కడా లేదు.