పెదవులు ఆమెవి, గొంతు వాళ్లది

నేను ఒక గొట్టాన్ని. పుట్టిన చోట నాకు మైకని పేరు పెట్టారు గానీ, నన్ను తిప్పిన ఊళ్లలో జనం పిలిచింది ఇలాగే. "గొట్టపోళ్లు వచ్చిండ్రు" అంటే టీవీ వాళ్లు వచ్చారని. ఫ్యాక్టరీలో నన్ను పెట్టెలో పెట్టేముందు ఒక పిల్ల నా మూతి మీద ఊది, "వినిపిస్తోంది" అంది. నా గురించి ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే. నేను వింటాను. మాట్లాడేది నా మెడకు తగిలించిన డబ్బా, దాని మీది ఛానల్ పేరు.

నన్ను చూడగానే మనుషులు చొక్కా సర్దుకుంటారు. ఏడ్చినవాళ్లు, సరిగా రాలేదంటే మళ్లీ ఏడుస్తారు. మొదట నన్ను మోసిన విలేకరి ముసలాయన. "ఏం జరిగింది?" అని అడిగి నోరు మూసుకునేవాడు. ఆయన్ని మాన్పించారు. తర్వాత వచ్చిన సంపత్ ప్రశ్నలోనే జవాబు పెట్టుకొచ్చేవాడు. ఎదుటివాళ్లు తలూపితే చాలు.

అది మరమగ్గాల పట్టణం. మగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఒకరోజు ఒక సేటు కార్ఖానా లోపల పనివాళ్లుండగానే అంటుకుంది. ఆస్పత్రి వరండాలో అనసూర్య అనే ఆవిడ నోటి దగ్గర సంపత్ నన్ను పెట్టాడు. ఆమె సగం కాలిపోయి ఉంది.

"మీదే పొరపాటని బాధపడుతున్నరా అమ్మా?" అన్నాడు.

ఆమె తల ఊపలేదు. "బయటికెల్లి తాళమేసిండ్రు. ఎంత కొట్టినా తియ్యలే" అంది. కెమెరా అక్కడితో పక్కకు తిరిగింది. నేను తిరగలేదు. ఆమె ఇంకా అంది: "మా ఆయనొస్తే జెప్పుండ్రి. ఆ తాళం ఇంకెవ్వల మీద పడనియ్యద్దని." తర్వాత ఒక ఊపిరి నాలోకి వచ్చింది. అది బయటికి పోలేదు.

భర్త రాజవీరు పక్క ఊరి నుంచి వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. "నా పెండ్లాం ఏమన్నది?" అని అడిగాడు. "సాయంత్రం టీవీల వస్తది, సూడు కాకా" అన్నాడు సంపత్.

సాయంత్రం రాజవీరు, ఓదెలు నడిపే ఛాయ హోటల్‌కు వచ్చాడు. సంపత్ తన వార్త చూసుకోవడానికి అక్కడే కూర్చున్నాడు. నేను బల్ల మీద ఉన్నాను. తెర అడుగున సేటు గారి దసరా శుభాకాంక్షలు పరుగెడుతున్నాయి. పైన అనసూర్య పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం స్టూడియోలో కూర్చున్న మనిషిది. "తమ అజాగ్రత్తే ప్రాణాల మీదికి తెచ్చిందని, ఇందులో ఎవరినీ తప్పుపట్టలేమని బాధితురాలు కన్నీరుమున్నీరవుతోంది."

రాజవీరు లేచి తెర దగ్గరికి పోయాడు. "అది గట్ల అనలే."

"ఏందే కాకా?"

"దాని మూతి సూడు. తాళమేసిండ్రు అంటున్నది."

సాంచెల మోతలో మాట వినపడదు. అక్కడ బతికేవాళ్లంతా పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఆ హోటల్లో ఉన్న మగవాళ్లందరూ సాంచెల మీద బతికేవాళ్లే. రాజవీరు వాళ్ల వైపు తిరిగాడు. "మీరు సూడలేదా?"

ఎవరూ తల ఎత్తలేదు. అందరూ చూశారు. అందరికీ పొద్దున సేటు ఇంకో కార్ఖానాలో పనుంది.

"ఛాయ సల్లారుతది, తాగు" అన్నాడు ఓదెలు.

"మీకు తోచింది మీరు జెప్పుకోండ్రి. ఎవలొద్దన్నరు?" అన్నాడు రాజవీరు, సంపత్‌తో. "సచ్చినదాని నోట్లె పెట్టుడెందుకు?"

సంపత్ నన్ను సంచిలో పడేసుకుని లేచాడు.

ఆ తర్వాత నాకేదో అయింది. ఒక నాయకుడు మాట్లాడుతుంటే, ఆయన మాట కింద ఒక ఆడమనిషి ఊపిరి వినిపించిందని కెమెరా కుర్రాడు చెవుల్లోంచి తీగలు పీకేశాడు. సేటు సంతాపం చెబుతుంటే, హైదరాబాద్ స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. "వెనకాల ఎవరో తలుపు బాదుతున్నారు, ఆపించు." వెనకాల తలుపే లేదు. తీగ మార్చారు, బ్యాటరీ మార్చారు, డబ్బా మార్చారు. చివరికి నన్ను మార్చారు. చెత్తబుట్టలో పడి ఉంటే ఓదెలు ఏరుకొచ్చి, హోటల్లో టీవీ కింద మేకుకు వేలాడదీశాడు. ఛాయకొచ్చే గిరాకీలకు అదొక వేడుక.

సేటు కార్ఖానా మళ్లీ కట్టాడు. రాజవీరుకు కాపలా పనిచ్చాడు. బాధితుణ్ని ఆదుకున్న దొడ్డ మనసని ఛానల్ చూపించింది. పనల్లా ఒక్కటే. సాయంత్రం రాత్రిపాళీ పనివాళ్లు లోపలికి పోగానే, గుడ్డ దొంగతనంగా బయటికి పోకుండా, బయట తాళం వేయడం. రాజవీరు వేసేవాడు. తాళంచెవి మొలలో దోపుకుని, ఇక్కడికొచ్చి, నా కింద కూర్చుని ఛాయ తాగేవాడు. నేను ఆమె మాట మోస్తూ ఆ చెవి చప్పుడు వినేవాణ్ని. చెప్పడానికి నాకు పెదవుల్లేవు.

ఏడాది తిరిగింది. ఛానల్ అనసూర్య బొమ్మ మళ్లీ వేసింది. అవే పెదవులు, అదే పరాయి గొంతు. రాజవీరు చివరిదాకా చూశాడు. కెమెరా పక్కకు తిరిగిన చోట, "తర్వాత ఏమన్నవే?" అని అడిగాడు. నెమ్మదిగా, ఇంట్లో అడిగినట్టు. నేను మేకు మీద ఊగాను. గాలి లేదు.

అతను లేచిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, కార్ఖానా తలుపు నుంచి తీసిన తాళం బల్ల మీద పెట్టాడు. "ఇగ ఎయ్య" అన్నాడు.

మర్నాడు సేటు అతణ్ని వెళ్లగొట్టాడు. సంపత్ కొత్త గొట్టంతో వచ్చాడు. సాయంత్రం టీవీలో రాజవీరు పెదవులు కదిలాయి. "మద్యం మత్తులో తలుపులు బార్లా వదిలేసిన కాపలాదారు, తన తప్పు ఒప్పుకుంటున్నాడు" అంది ఆ గొంతు.

రాజవీరు హోటల్ మూలన కూర్చుని తన నోటిని తాను చూసుకుంటున్నాడు. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఓదెలు రిమోట్ తీసి టీవీ గొంతు నొక్కేశాడు.

తెర మీద పెదవులు మాత్రం మిగిలాయి. ఒక ముసలి నేతగాడు వాటిని చూస్తూ చదివాడు. "లోపట మనుషులున్నరు." పక్కవాడు అందుకున్నాడు. "బయటికెల్లి తాళమెయ్యుమన్నడు." ఇంకొకడు, మరొకడు. ఏడాది ఆలస్యంగా హోటలంతా ఒక్క నోరైంది.

బొమ్మ అయిపోయింది. అందరూ ఆగారు. అప్పుడు ఇంకొక గొంతు మాట పూర్తిచేసింది. "ఆ తాళం ఇంకెవ్వల మీద పడనియ్యద్దు."

రాజవీరు తలెత్తి నా వైపు చూశాడు.

ఆ హోటల్లో ఆడవాళ్లెవరూ లేరు.