నంబర్లు చెప్పనిది

"అక్కా, నంబర్లు కలిశాయి!"

ఫోనులో మా చెల్లి మల్కీ అరుపుకి చేతిలో గరిట జారింది. నా పెళ్లయి ఇరవై మూడు రోజులు. జెరూసలేంలో మా రెండు గదుల ఇంట్లో గరిటలు చూసినా నాకు సంబరమే. మా యూదుల ఇళ్లలో పాల గిన్నెలూ మాంసం గిన్నెలూ కలవకూడదు; అందుకే పాలకొకటి, మాంసానికొకటి. రెండూ నావే!

మావాళ్లలో సంబంధం ఖాయం కాకముందే పిల్లా పిల్లాడి నంబర్లు పరీక్ష చేసిన సంస్థకి ఫోనులో చెప్పి, కలిశాయో లేదో కనుక్కుంటారు. బళ్లో చదివేటప్పుడు రక్తమిచ్చి తెచ్చుకున్న నంబర్లవి. పుట్టే పిల్లలకి జబ్బు తెచ్చే లోపం ఒకటే ఇద్దరి రక్తంలోనూ ఉంటే వద్దంటారు; లేకపోతే కలిశాయంటారు. నాకూ మా ఆయన నఫ్తలికీ అలాగే కలిశాయి.

సాయంత్రం పుట్టింటివాళ్లందరూ మా ఇంటికే వచ్చారు. "మా ఆవిడ మొదటి చీజ్ కేకు. పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు ముందు రండి," అన్నాడు నఫ్తలి. అతని వీపు మీద ఒక్కటిచ్చాను.

"మా రక్తానికి వంక లేదు! రెండుసార్లు పరీక్ష నెగ్గింది," అన్నాడు నాన్న.

నాన్న అక్క ఫ్రూమత్త ముఖం మాడిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"పెళ్లయింది కాబట్టి నీకు చెప్పచ్చు. నిరుడు నాకు చేసింది హెర్నియా ఆపరేషన్ కాదే. అండాశయాలు తీసేశారు. క్యాన్సర్ తెచ్చే జన్యువు నాకుంది. మీ నాన్నమ్మ పోయిందీ దానితోనే, మూత్రపిండాల జబ్బుతో కాదు."

"మరి నంబర్లు?"

"అవి దీన్ని చూడవు."

కాలేజీ పరీక్షలో నేనే రాశాను ఈ జవాబు. ఇలాంటి జన్యువు తల్లయినా తండ్రయినా సరే, ఒక్కరి నుంచి వస్తే చాలు; బిడ్డకి వచ్చే అవకాశం సగం. మంచి మార్కులొచ్చాయి. మా ఇంటి గురించి రాస్తున్నానని మాత్రం తట్టలేదు.

"నాన్నకి?"

"వాడా? ఆడవాళ్ల జబ్బు నాకెందుకంటాడు. మల్కీ పెళ్లయ్యేదాకా నువ్వు నోరెత్తకు. ఆ జన్యువు పరీక్ష చేసేచోట నిన్నెవరైనా చూస్తే దాని సంబంధం తప్పిపోతుంది."

"నువ్వెన్నేళ్లు దాచావత్తా?"

"ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లయ్యేదాకా."

"ఇప్పుడు వాళ్లకి చెప్పావా?"

అత్త కుళాయి తిప్పి, కడిగిన కప్పే మళ్లీ కడిగింది. నేను పాల చెంచాని మాంసం గిన్నెలు కడిగే తొట్టిలో పడేశానని అప్పుడు చూశాను. వేరేరోజైతే గోల చేసేదాన్ని. తియ్యాలనిపించలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

ముందు గదిలో మల్కీ నవ్వుతోంది. పోయేది దాని సంబంధం. దానికి తెలియకుండా నేనెలా తేల్చను? అత్త వద్దంటున్నా పిలిచి అంతా చెప్పాను.

మల్కీ పెదవి కొరుక్కుంది. కళ్లు నిండాయి.

"మగపెళ్లివాళ్లు వద్దంటే?"

"అనచ్చే."

ముక్కు తుడుచుకుంది. "ఆ పరీక్ష చేసేచోటు ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదిన్నరకి."

మల్కీయే ముందు గదిలోకి నడిచింది. "నాన్నా, కేకు తిని త్వరగా పడుకో. రేపు పొద్దున మనం ముగ్గురం ఆసుపత్రికెళ్లి రక్తమిస్తున్నాం. అత్త తన పరీక్ష కాగితాలు తెస్తుంది."